ఆకు నుంచి ఘాటు పువ్వు దాకా: పాతబస్తీ గంజాయి చరిత్ర

హైదరాబాద్ పాతబస్తీ వర్తక చరిత్రలో ముత్యాలకూ అత్తరుకూ దక్కినన్ని పుటలు గంజాయికి దక్కలేదు; అయినా ఆబ్కారీ చట్టాలలో, యునానీ వైద్యుల మందుల జాబితాలలో, ఫకీర్లు బసచేసే తకియాలలో, పురానాపూల్ పరిసరాల గల్లీలలో దాని జాడ స్పష్టంగానే కనిపిస్తుంది. ఆ జాడను పట్టుకుని నడిచే చరిత్రకారుడు మొదట గుర్తించవలసినది, ఒకే మొక్క నుంచి మూడు వేర్వేరు సరుకులు వస్తాయన్న సంగతి. ఆకును నూరితే భంగు, ఆడమొక్క పూగుత్తులను ఎండబెడితే గంజాయి, ఆ పూల మీద ఊరే జిగురును సేకరిస్తే చరస్. మత్తు కలిగించే ప్రధాన ద్రవ్యమైన టీహెచ్‌సీ ఆకులో తక్కువగా, పూలలో ఎక్కువగా, జిగురులో మరీ ఎక్కువగా ఉంటుంది. ఈ ద్రవ్యాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో గవోనీ, మెషూలం అనే శాస్త్రవేత్తలు శుద్ధరూపంలో వేరుచేశారు.

పాత వాడుకలో ఈ మూడింటికీ వేర్వేరు మర్యాదలు ఉండేవి. భంగాకును కడిగి, మిరియాలు, గసగసాలు, సోంపు, బాదంపప్పుతో కలిపి రాతి మీద మెత్తగా నూరి, పాలూ చక్కెరా చేర్చి వడగడితే అది హోలీనాటి తండాయి అయ్యేది. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు అది పండుగ పానీయం. యునానీ వైద్యులు అదే ఆకును తేనెతోనో చక్కెర పాకంతోనో కలిపిన లేహ్యంగా, అంటే మాజూన్‌గా, వాడేవారు. గంజాయి మాత్రం బైరాగులకూ ఫకీర్లకూ చెందినది. మట్టి చిలుంలో దట్టించి, అడుగున సాఫీ అనే తడిగుడ్డ చుట్టి, ఆ గుడ్డ గుండా పొగ చల్లబడి వచ్చేట్టు పీల్చేవారు.

నిజాం ప్రభుత్వం ఈ సరుకును నేరంగా కాక ఆదాయ వనరుగా చూసింది. ఫసలీ 1316లో, అంటే సుమారు 1906–07లో, వచ్చిన ఆబ్కారీ చట్టం, ఫసలీ 1333 నాటి మాదకద్రవ్యాల చట్టం సంస్థానంలో మత్తుపదార్థాల వ్యవహారాన్ని ప్రభుత్వ అదుపులోకి తెచ్చాయి. బ్రిటిష్ ఇండియాలోనూ ఇదే ధోరణి. 1893లో నియమితమైన హెంప్ డ్రగ్స్ కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి, మితమైన వాడకం వల్ల పెద్ద హాని కనబడటం లేదనీ, అతివాడకం మాత్రం హానికరమనీ, నిషేధానికి బదులు లైసెన్సు, సుంకం మేలనీ 1894లో తేల్చింది.

ఆ కమిషన్ నివేదికలో అతి విలువైనది తీర్పు కాదు, సాగు వర్ణన. బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో పొద్దార్ అనే నిపుణుడు పొలమంతా తిరిగి, పుప్పొడి రాలకముందే మగమొక్కలను గుర్తించి పీకించేవాడు. గింజ కట్టని ఆడపువ్వుకు జిగురు, ఘాటు ఎక్కువ. 1970లలో కాలిఫోర్నియా సాగుదారులు ఇదే సూత్రాన్ని పాటిస్తూ, అఫ్గానిస్తాన్, మెక్సికో, కొలంబియా మూలాల మొక్కలను సంకరపరచి ‘స్కంక్’ వంశాన్ని రూపొందించారు. అఫ్గాన్ మొక్క నుంచి పొట్టి కాండం, త్వరగా పూసే గుణం వచ్చాయి. వేడిదేశపు మొక్కల నుంచి మత్తు స్వభావం వచ్చింది. 1980లలో ఆ విత్తనం ఆమ్‌స్టర్‌డామ్ చేరి అక్కడి నుంచి యూరప్ అంతటా వ్యాపించింది. దుర్గంధాన్ని చిమ్మే ఉత్తర అమెరికా జంతువు పేరు దానికి ఊరకే రాలేదు: ఆ కంపుకు మూలం గంధకం కలిసిన అతి స్వల్ప సమ్మేళనాలని 2021లో రసాయనిక పరిశోధన నిరూపించింది. అంతవరకు ఆ వాసన మొత్తాన్నీ టెర్పీన్లు అనే సుగంధ తైలాలకే ఆపాదించేవారు.

పాతబస్తీకి చేరే గంజాయికి ఆ విదేశీ వంశవృక్షాన్ని అంటగట్టడానికి ఆధారం లేదు. అక్కడికి వచ్చే సరుకులో ఎక్కువ భాగం ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలది. ఆ కొండల గంజాయి రకానికి వాడే ‘శీలావతి’ అన్న పేరు వృక్షశాస్త్రం ఇచ్చినది కాదు, పొలంలోనూ బేరంలోనూ పుట్టినది. ఎక్కువ దిగుబడినీ, ఎక్కువ ఘాటునూ కోరి మనిషి చేసే ఎంపిక మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని అనుసరించి భారతదేశం 1985లో మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చింది. పూగుత్తులు లేని ఆకును ఆ చట్టం గంజాయి నిర్వచనం నుంచి మినహాయించింది. పువ్వును నేరం చేసింది. లైసెన్సు దుకాణం పోయి రహస్య బేరం మిగిలింది, దానితోపాటే సరుకు నాణ్యత మీద, కొనేవాడి వయసు మీద ఉన్న కొద్దిపాటి నిఘా కూడా పోయింది.

ఈ మార్పు భారం ఎక్కువగా పడింది ధూల్‌పేట మీద. 1578లో కట్టిన పురానాపూల్ దాటగానే మూసీ ఉత్తరపు గట్టున వచ్చే ఈ పేట, నగర ప్రాకారానికి బయటిదైనా జనం మాటలో పాతబస్తీలో భాగమే. ఉత్తరాది నుంచి వచ్చిన లోధ్ కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా గణపతి విగ్రహాలు చేస్తున్నాయి. విగ్రహాల పని ఏడాదిలో కొన్ని నెలలే కావడంతో గుడుంబా అనే నాటుసారా కొందరికి జీవనాధారమైంది; 2015–16లో ప్రభుత్వం గుడుంబాను అణచినప్పుడు చిల్లర గంజాయి ఆ ఖాళీలోకి వచ్చింది. 2024లో ఆబ్కారీ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట’ పేరిట దాడులు సాగించింది. అయితే ధూల్‌పేటలో ఒక్క మొక్కా పండదు. సరుకు పుట్టిన కొండల్లో 2021 అక్టోబరులో మొదలైన ‘ఆపరేషన్ పరివర్తన’ కింద ఆంధ్రప్రదేశ్ పోలీసులు 7,000 ఎకరాలకు పైగా తోటలు ధ్వంసం చేసి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఆ కొండల గిరిజన రైతుకు కాఫీ, మిరియం, పసుపు గిట్టుబాటు కానంత కాలం, విగ్రహాల కారిగరుకు ఏడాది పొడవునా పని దొరకనంత కాలం, ఒక పేటకు గంజాయి ముద్ర వేయడం చరిత్ర దృష్టిలోనూ అన్యాయమే, పాలన దృష్టిలోనూ నిష్ఫలమే.