అమెరికా కళాశాలల క్రీడా ఉపకారవేతనాలు: వేమూరు ప్రాంత విద్యార్థికి దారి

అమెరికాలోని విశ్వవిద్యాలయాలు తమ జట్టు తరఫున ఆడే విద్యార్థికి చదువు ఖర్చులో కొంత భాగాన్నో, మొత్తాన్నో భరిస్తాయి. దీన్నే క్రీడా ఉపకారవేతనం, వాడుకలో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ అంటారు. ఆటగాడు నచ్చి పిలిచేది కోచ్. సీటు ఇచ్చేది విశ్వవిద్యాలయం. పోటీల్లో ఆడే అర్హత ఉందో లేదో తేల్చేది కళాశాలల క్రీడా సంఘం. వీసా ఇచ్చేది కాన్సులేట్ అధికారి. ఈ నలుగురూ ఎవరికి వారే. ఒకరు ఒప్పుకున్నంత మాత్రాన మిగతా ముగ్గురూ ఒప్పుకోవాలని లేదు.

వేమూరు బాపట్ల జిల్లాలో మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. తెనాలి–రేపల్లె రైలు మార్గంలో ఉన్న ఈ ఊరి పిల్లలు పై చదువులకు ఎక్కువగా తెనాలి, గుంటూరు, విజయవాడ వెళతారు. ఇక్కడి ఇళ్లలో అమెరికా కొత్త మాట కాదు. కానీ ఆ ప్రయాణం బీటెక్ తర్వాత, ఎంఎస్ కోసం. ఇంటర్ అయిన వెంటనే ఆట ఆసరాగా వెళ్లే దారి ఇంకొకటి ఉందన్న సంగతి చాలా ఇళ్లకు తెలియదు. తెలిసేసరికి సాధారణంగా పిల్లవాడు ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటాడు, అప్పటికే ఆట ఆగిపోయి ఉంటుంది.

తెలుగువారిలో ఈ దారి నడిచినవారు

కృష్ణకు ఆవలి ఒడ్డున ఉయ్యూరులో 1987లో పుట్టిన మైనేని సాకేత్ అలబామా విశ్వవిద్యాలయం తరఫున కళాశాల టెన్నిస్ ఆడాడు. ఆ తర్వాత వృత్తి ఆటగాడై 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్ రజతం సాధించాడు. 2016లో అర్హత పోటీలు గెలిచి యూఎస్ ఓపెన్ సింగిల్స్ ప్రధాన డ్రాలో ఆడాడు. 2017లో అర్జున పురస్కారం అందుకున్నాడు. సనమ్ సింగ్ కూడా అమెరికా కళాశాల ఆటగాడే, వర్జీనియా విశ్వవిద్యాలయం జట్టువాడు. అంటే ఆ రజతం గెలిచిన జంటలో ఇద్దరూ అమెరికా కళాశాల టెన్నిస్‌లో రాటుదేలినవాళ్లే. హైదరాబాద్‌కు చెందిన యమలపల్లి సహజ టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడి, తిరిగివచ్చి బిల్లీ జీన్ కింగ్ కప్‌లో భారత జట్టులో చోటు సంపాదించింది.

బసవారెడ్డి నిశేష్ కథ వేరు. అతని తల్లిదండ్రులు నెల్లూరు నుంచి వలస వెళ్లారు, అతను అమెరికాలోనే పుట్టి పెరిగాడు. స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి 2024 చివర్లో వృత్తి ఆటలోకి మారాడు. కొద్ది వారాలకే 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండ్‌లో జకోవిచ్ నుంచి మొదటి సెట్ గెలుచుకున్నాడు. వీసా, విదేశీ మార్కుల పత్రాలు వంటి చిక్కులు అతనికి లేవు. మన పిల్లలకు ఉన్నాయి, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

ఏ ఆటకు డబ్బుంది

కళాశాల క్రీడల ప్రధాన సంఘం ఎన్‌సీఏఏ. 1906లో మొదలైంది. సుమారు 1,100 విద్యాసంస్థలు ఇందులో మూడు డివిజన్లుగా ఉన్నాయి. మొదటి రెండు డివిజన్లు క్రీడా ఉపకారవేతనం ఇస్తాయి. మూడోది ఆట పేరుతో ఇవ్వదు, కానీ మార్కులను, కుటుంబ ఆదాయాన్ని చూసి ఇచ్చే సాయం అక్కడ ఉంటుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఎనిమిది ఐవీ లీగ్ సంస్థలు మొదటి డివిజన్‌లోనే ఉన్నా క్రీడా ఉపకారవేతనం ఇవ్వవు. చిన్న కళాశాలలకు ఎన్‌ఏఐఏ, రెండేళ్ల కళాశాలలకు ఎన్‌జేసీఏఏ అనే వేరే సంఘాలున్నాయి. రెండేళ్ల కళాశాలలో చేరి, ఆడి, మార్కులు తెచ్చుకుని నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారడం విదేశీ విద్యార్థులు తరచూ ఎంచుకునే పద్ధతి. పెద్ద పేర్ల వెంటపడే తల్లిదండ్రులు దీన్ని చిన్నచూపు చూడటం సరికాదు.

మన ఊళ్లలో బలంగా ఉన్న ఆటలకూ, అక్కడ డబ్బున్న ఆటలకూ పొంతన తక్కువ. కబడ్డీ, ఖోఖో, క్రికెట్ సంగతి సరే, తెలుగు నేలకు ఇంత పేరు తెచ్చిన బ్యాడ్మింటన్‌కు సైతం ఎన్‌సీఏఏ పోటీలు లేవు. వెయిట్‌లిఫ్టింగ్‌కూ లేవు. టెన్నిస్, ఈత, గోల్ఫ్ ఉన్నాయి గానీ వాటికి చిన్నప్పటి నుంచే ఖర్చు ఎక్కువ. బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఉన్నాయి, అయితే వాటిలో ఎత్తు, వీడియో, అంతర్జాతీయ అనుభవం చూస్తారు. వేమూరు, కొల్లూరు, భట్టిప్రోలు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అన్నిటికంటే అందుబాటులో ఉన్నది అథ్లెటిక్స్. పరుగు పందెంలో సెకన్లు, దూకుళ్లలో మీటర్లు ఏ దేశంలోనైనా ఒకటే. కోచ్ సముద్రం దాటి రానక్కర్లేదు, నమోదైన అంకె చాలు.

ఆ నమోదు ఎంత ముఖ్యమో విశాఖకు చెందిన యర్రాజి జ్యోతి అనుభవం చెబుతుంది. 2020 జనవరిలో మూడబిదిరిలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె వంద మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. అయినా డోపింగ్ పరీక్ష జరగలేదని, భారత అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేడని దాన్ని రికార్డుగా గుర్తించలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరిగెడితే గాలి అనుమతించిన హద్దు కంటే కాస్త ఎక్కువగా వీచిందని అదీ పోయింది. చివరికి అదే ఏడాది మే నెలలో సైప్రస్‌లో 13.23తో రికార్డు ఆమె పేర నిలిచింది. ఆమె అమెరికా కళాశాలకు వెళ్లలేదు. కానీ అక్కడికి వెళ్లాలనుకునే అమ్మాయికి ఇదే పాఠం: ఊరి మైదానంలో స్టాప్‌వాచ్ చూపిన సమయాన్ని కోచ్ పట్టించుకోడు. ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న రాష్ట్ర, జాతీయ పోటీల్లో పరిగెత్తి, అధికారిక ఫలితాల పట్టికలో పేరు ఉండేలా చూసుకోవాలి. టెన్నిస్‌లో యూటీఆర్ అనే రేటింగ్ ఇదే పని చేస్తుంది.

తొమ్మిదో తరగతి నుంచే లెక్క

ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో ఆడాలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా 16 ప్రధాన కోర్సులు పూర్తి కావాలి: ఇంగ్లిష్ నాలుగేళ్లు, గణితం మూడేళ్లు, విజ్ఞానశాస్త్రం రెండేళ్లు, సాంఘికశాస్త్రం రెండేళ్లు, ఇంకో ఏడాది వీటిలో మొదటి మూడింటిలో ఒకటి, మిగిలిన నాలుగు వీటిలోవో ఇతర భాషలో. వాటి సగటు గ్రేడు 2.3కు తగ్గకూడదు, రెండో డివిజన్‌కు 2.2. ఎస్‌ఏటీ, ఏసీటీ మార్కులను ఎన్‌సీఏఏ 2023 నుంచి అడగడం లేదు. విశ్వవిద్యాలయం తన ప్రవేశానికి అడిగితే అది వేరే సంగతి.

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నవారికి ఈ లెక్క దాదాపు సరిపోతుంది. తొమ్మిది, పదిలో చదివిన సాంఘికశాస్త్రం ఆ రెండేళ్ల కోటా నింపుతుంది. బైపీసీ వారికి గణితం పదితోనే ఆగిపోతుంది గనుక మూడో ఏడాది తగ్గే ప్రమాదం ఉంది. రాష్ట్రంలో 2025–26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే ఎంబైపీసీ వచ్చింది. ఆట మీద ఆశ ఉన్నవారు గ్రూపు ఎంచుకునేటప్పుడే ఇది ఆలోచించాలి. తొమ్మిదో తరగతి మార్కులు బోర్డు దగ్గర ఉండవు, బడిలోనే ఉంటాయి. ప్రోగ్రెస్ కార్డు పారేయకుండా దాచాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, వీసా దాకా ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. దాన్ని ముందే సరిచేసుకోవడం మేలు.

ఈ ప్రాంతంలో పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది కాలం దగ్గర. ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఒక ఏడాది ఇవ్వడం ఇక్కడ మామూలే. ఎన్‌సీఏఏ మాత్రం బడి చదువు సమయానికి పూర్తి కావాలంటుంది. చాలా ఆటల్లో ఆ తర్వాత ఒక ఏడాది, టెన్నిస్‌లో ఆరు నెలలు మాత్రమే గడువు ఇస్తుంది. గడువు దాటాక పోటీల్లో ఆడుతూ ఉంటే కళాశాలలో ఆడే ఏళ్లలో కోత పడుతుంది. ఇంకొకటి: మొదటి డివిజన్‌లో ఆడేవారికి ఏ దేశంలోనైనా పూర్తికాలపు డిగ్రీలో చేరిన రోజు నుంచే ఐదేళ్ల గడియారం తిరగడం మొదలవుతుంది, ఆ ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడవచ్చు. ముందు తెనాలిలో డిగ్రీలో చేర్పిద్దాం, తర్వాత చూద్దాం అనుకుంటే అక్కడ గడిపిన ప్రతి ఏడాదీ ఇందులోంచి పోతుంది. ఈ ఐదేళ్ల నిబంధనను మార్చాలన్న చర్చ నడుస్తోంది గనుక దరఖాస్తు చేసే ఏడాది నిబంధన ఏమిటో ఎన్‌సీఏఏ అర్హతా కేంద్రంలోనే చూసుకోవాలి.

కార్పొరేట్ కళాశాల హాస్టళ్లలో ఆటస్థలమే లేకుండా గడిచే రెండేళ్లు సరిగ్గా కోచ్‌లు పిల్లల్ని గమనించే రెండేళ్లు. దారి మూసుకుపోయేది ఎక్కువమందికి ఇక్కడే. ప్రతిభ తక్కువై కాదు.

కోచ్‌కు రాయడం, మధ్యవర్తుల సంగతి

కోచ్‌ల ఈమెయిల్ చిరునామాలు విశ్వవిద్యాలయాల క్రీడా పేజీల్లో అందరికీ కనిపించేలా ఉంటాయి. ఇంటర్ మొదటి ఏడాదిలోనే విద్యార్థి తానే రాయాలి: పుట్టిన సంవత్సరం, చదువు పూర్తయ్యే నెల, మార్కులు, అధికారిక ఫలితాల లంకె, చిన్న వీడియో. నాన్న రాసిన ఉత్తరం కంటే పిల్లవాడు సాదా ఇంగ్లిష్‌లో రాసినదే కోచ్‌కు నమ్మకం కలిగిస్తుంది. జవాబు రాకపోవడం సహజం, జట్టులో ఎవరు వెళ్లిపోతున్నారో చూసి చాలామందికి రాయాలి.

డబ్బు తీసుకుని ఈ పని చేసిపెట్టే మధ్యవర్తులు ఉన్నారు. నిర్ణీత రుసుము తీసుకునే సేవను ఎన్‌సీఏఏ అనుమతిస్తుంది. వచ్చిన ఉపకారవేతనంలో వాటా అడిగితే మాత్రం అది నిబంధనకే విరుద్ధం. ఆటగాడి తరఫున ఏజెంటుతో సంతకం చేస్తే అర్హతే పోవచ్చు. ప్రైజ్‌మనీ తీసుకునే ముందు కూడా నిబంధన చూసుకోవాలి.

డబ్బు ఎంత, ఏ రూపంలో

పూర్తి ఉపకారవేతనం అన్ని ఆటల్లోనూ దొరకదు. చాలాకాలం మొదటి డివిజన్ పురుషుల టెన్నిస్ జట్టు మొత్తానికి నాలుగున్నర ఉపకారవేతనాలే ఉండేవి, వాటినే జట్టంతా పంచుకోవాలి. మహిళల జట్టుకు ఎనిమిది. మన అమ్మాయిలకు ఇది మొదటి నుంచీ మెరుగైన దారి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఎన్‌సీఏఏ ఒప్పందంతో, అందులో చేరిన సంస్థలకు ఈ పరిమితులు పోయాయి. వాటి స్థానంలో జట్టు సభ్యుల సంఖ్యపై పరిమితి వచ్చింది. అలాంటి చోట ఎన్ని ఇస్తారన్నది ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం ఇష్టం. కాబట్టి కోచ్‌ను సూటిగా అడగాల్సింది, ఫీజులో ఎంత, భోజనం, వసతి కలిసి ఉన్నాయా, ఎన్నేళ్లకు అన్నది. 2024 అక్టోబరులో నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతి రద్దయ్యాక సంతకం చేసే ఆర్థిక సాయ ఒప్పందమే అసలు పత్రం. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదు.

ఫీజుకూ పుస్తకాలకూ సరిపోయే భాగానికి పన్ను ఉండదు. భోజనం, వసతి భాగానికి ఉంటుంది. విదేశీ విద్యార్థి విషయంలో సాధారణంగా 14 శాతం ముందే కోస్తారు. భారత్–అమెరికా పన్ను ఒప్పందం మన విద్యార్థులకు కొంత ఊరట ఇస్తుంది గనుక రిటర్న్ తప్పక వేయాలి. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరుతో ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. కానీ ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై ఉన్నవారికి పని మీద ఆంక్షలున్నాయి. తోటి అమెరికన్ ఆటగాడు చేసినదల్లా చేయబోతే వీసాకే ముప్పు.

సీటు ఖాయమయ్యాక విశ్వవిద్యాలయం వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం పంపుతుంది. దానికోసం, ఉపకారవేతనం పోను మిగిలే ఖర్చుకు బ్యాంకు ఆధారం చూపాలి. ఆ తర్వాత హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఉంటుంది.

స్వదేశంతో ముడి

అమెరికాలో చదువుతూ భారత జట్టుకు ఆడటంలో ఒక చిక్కుంది. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున హైజంప్‌లో పోటీపడిన తేజస్విన్ శంకర్ 2022 జూన్‌లో ఎన్‌సీఏఏ విజేతగా 2.27 మీటర్లు దూకి కామన్వెల్త్ క్రీడల ప్రమాణం అందుకున్నాడు. అయితే ఆ రోజుల్లోనే చెన్నైలో జరిగిన అంతర్రాష్ట్ర పోటీలకు రాలేదని సమాఖ్య అతన్ని జట్టులోకి తీసుకోలేదు. ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాకే దారి దొరికింది. ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో కాంస్యం గెలిచాడు, హైజంప్‌లో కామన్వెల్త్ క్రీడల నుంచి భారత్‌కు అదే తొలి పతకం. కళాశాల సీజన్ తేదీలు, మన జాతీయ పోటీల తేదీలు పక్కపక్కన పెట్టుకుని, రాలేని పోటీ గురించి సమాఖ్యకు ముందుగా లిఖితపూర్వకంగా తెలపడం అథ్లెట్ చేయాల్సిన పని.

చివరగా, చదరంగం. దానికి పైన చెప్పిన ఎన్‌సీఏఏ నిబంధనలేవీ వర్తించవు, అది ఎన్‌సీఏఏ ఆట కాదు. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక పుట్టిన గుంటూరు ప్రాంతంలో ఈ ఆటకు పునాది గట్టిది. డల్లాస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం వంటివి చదరంగ ఆటగాళ్లకు నేరుగా ఉపకారవేతనాలు ఇస్తాయి. ఫిడే రేటింగ్, ఇంటర్ మార్కులు జతచేసి జట్టు కోచ్‌కు రాయవచ్చు.