ముత్తియాల్‌పేటకు ఉత్తరాన పిట్టల దారి

రెండు పిట్టలు పుదుచ్చేరి పేరు మోసుకు తిరుగుతున్నాయి. ఒకటి చేల గట్ల మీద పరుగులు తీసే బూడిదరంగు కవుజు, దాని శాస్త్రీయ నామం ఆర్టిగార్నిస్ పాండిసెరియానస్. రెండోది చెట్ల కొమ్మల్లో పురుగులు ఏరుకు తినే వుడ్‌ష్రైక్, అది టెఫ్రోడోర్నిస్ పాండిసెరియానస్. ఈ ప్రాంతంలో తిరిగిన ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు పియేర్ సొనెరా తన యాత్రా గ్రంథాన్ని 1782లో పారిస్‌లో అచ్చువేయించాడు. అందులోని వర్ణనల ఆధారంగా జర్మనీలో గ్మెలిన్ 1789లో వీటికి లాటిన్ పేర్లు పెట్టాడు. అలా మన ఊరి పేరు ప్రపంచంలోని పక్షి పుస్తకాలన్నిటికీ ఎక్కింది. ఊళ్లో మాత్రం ఆ సంగతి ఎరిగినవాళ్లు తక్కువ. సొనెరా పేరు కూడా దక్షిణాది అడవికోడికి నిలిచిపోయింది లెండి, గాలస్ సొనెరాటై అని.

ఆయన తర్వాత 1816లో లెషెనో అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇక్కడికి వచ్చాడు. ఆయన పేరుతో ఉన్న పండ్లు తినే గబ్బిలాన్ని శాస్త్రానికి మొదట పరిచయం చేసింది పుదుచ్చేరి నమూనాతోనే. ఇసుక తీరాల్లో చలికాలం గడిపే ఒక ఉల్లంకి జాతి పిట్టకూ ఆయన పేరే ఉంది. అడవుల్లోకి పోయి వెతికినవి కావివి. తోటలు, బీళ్లు, చెరువు గట్లు, సముద్రపు ఒడ్డు, అన్నీ ఊరి వాకిట్లోనే ఉండేవి.

మా ముత్తియాల్‌పేట అలాంటి వాకిలే. పాత పట్నం చుట్టూ ఉన్న బులెవార్‌ రోడ్డుకు ఉత్తరాన, తూర్పున వైత్తికుప్పం, శోలైనగర్ జాలరి పేటలతో, కోటకుప్పం పొలిమేర దాకా ఉంటుంది. 1908 నుంచి 1918 దాకా ఈ ఊళ్లో తలదాచుకున్న తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 'కుయిల్ పాట్టు' (కోయిల పాట) రాసింది మా పక్కన కరువడికుప్పంలోని మామిడితోపులో కూర్చునేనని పెద్దలు చెబుతారు. ఇప్పుడు అటంతా ఇళ్లే. మణికూండు (గడియార స్తంభం) దగ్గర నిలబడితే వాహనాల హారన్ల మధ్య కూడా కోయిల కూత వినిపిస్తుంది. దానికి కాకి గూడు ఉంటే చాలు, కాకులకు మా పేటలో కొదవలేదు. కవుజు సంగతి వేరు. అది నేల మీద గూడు పెట్టే పిట్ట, దానికి పొద కావాలి. పొదలు పోయాయి, వాటితో అదీ పోయింది.

ఊరు పెరిగిన కొద్దీ పిట్టల్ని చూసేవాళ్లు ఇంకాస్త దూరం నడవాల్సి వచ్చింది. ఈ తరం వాళ్లకు పిట్టలంటే ఊసుడు చెరువే. పుదుచ్చేరి ప్రభుత్వం తన వాటా 390 హెక్టార్లను 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. నీటి మధ్య నుంచే రెండు ప్రాంతాల సరిహద్దు పోతుంది, తమిళనాడు తన భాగాన్ని ఆ తర్వాత ప్రకటించింది. కొత్తగా కెమెరా కొన్నవాళ్లకు అది మంచి బడే. కానీ ఆదివారం అక్కడ కొంగల కంటే జనం ఎక్కువ. నా మటుకు నాకు పడమటికి కాదు, ఉత్తరానికి పోవాలనిపిస్తుంది. అక్కడుంది కళువేలి.

ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద బస్సెక్కితే కోటకుప్పంలోకి రాగానే తమిళనాడు, కాలాపట్టు దగ్గర మళ్లీ పుదుచ్చేరి, దాటితే మళ్లీ తమిళనాడు. ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన ముక్కల పటం ఇది. పిట్టలకు ఆ పేచీ లేదు. మరక్కాణం వైపు పోతుంటే ఎడమచేతి పక్కన, రోడ్డుకు కొంత లోపలగా, పరుచుకున్న పల్లపు నీరే కళువేలి. దక్షిణ భారతంలో పులికాట్ తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదేనంటారు. నిజానికి ఏడాది పొడుగునా ఉప్పుగా ఉండదు. ఐప్పసి, కార్తిక వానలకు చుట్టుపక్కల చెరువులు పొంగి ఇందులోకి దిగుతాయి, నీరు తియ్యనవుతుంది. ఎండలు ముదిరే కొద్దీ నీరు ఇంకిపోతుంది. ఉప్పుకళ్లి వాగు, ఇడయంతిట్టు ముఖద్వారం గుండా సముద్రపు పోటు లోపలికి వస్తుంది. వేసవి నడిమికి చాలా మేర బురద, ఆ తర్వాత గేదెలు మేసే బీడు.

ఈ మార్పే పిట్టల్ని పిలుస్తుంది. లోతు నీట బాతులు, పలచ నీట తెడ్డుమూతి కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, బురదలో ఉల్లంకులు, గడ్డి మీద తేలుతూ పోయే హారియర్ డేగలు. కొన్నేళ్లు రాజహంసలూ దిగుతాయి. నెల మారితే అదే చోట వేరే ఊరు కనిపిస్తుంది.

తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ఇక్కడి 5,151.6 హెక్టార్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది, 2024 ఆగస్టులో కళువేలి అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలోనూ చేరింది. ఆ ప్రకటనలకు ముందు నుంచీ రొయ్యల చెరువులు, ఆక్రమణలు, వలలు, ఉచ్చులు దీన్ని తింటూనే ఉన్నాయి.

తెలుగువాళ్లకు ఇంకో ముచ్చట. కాకినాడ నుంచి ఆంధ్ర తీరం వెంట దిగివచ్చిన పడవల కాలవ, బకింగ్‌హాం కాలవగా పులికాట్‌ను దాటి, చెన్నపట్నం మీదుగా వచ్చి మరక్కాణం దగ్గరే ముగుస్తుంది. 1876-78 కరువులో పని కోసం వచ్చినవాళ్ల చేత తవ్వించిన భాగాలు అందులో ఉన్నాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతుల్ని చూసి మురిసిపోయే మన చుట్టాలు అదే తీరం వెంట దిగువకు వస్తే కళువేలికి చేరతారు. దారిలో ఆలంపరై కోట శిథిలాలూ ఉన్నాయి. 1750లో ఫ్రెంచి గవర్నరు డ్యూప్లేకు దక్కిన ఆ కోటను పదేళ్లకే ఇంగ్లీషువాళ్లు పట్టుకుని పడగొట్టారు.

ఫోటోల కోసం పోయేవాళ్లు వెలుగు లెక్క ముందే చూసుకోండి. సరస్సు ఈసీఆర్‌కు పడమటన ఉంది కాబట్టి పొద్దున తూర్పు గట్టున నిలబడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, పిట్ట రంగు తేలుతుంది. సాయంత్రానికి తిండివనం-మరక్కాణం రోడ్డుకేసి తిరిగి పడమటి పక్కకు మారాలి. పొద్దున తొమ్మిది దాటితే నీటి మీద వేడి అలలు లేస్తాయి, ఎంత ఖరీదు లెన్స్ పెట్టినా బొమ్మ వణుకుతుంది. అప్పుడు కెమెరా మూసి బైనాక్యులర్స్ తీయడమే తెలివి. చేలల్లో కవుజుల్ని వినాలన్నా ఈ వైపే మేలు. పొద్దున్నే గట్ల వెంట నడిస్తే కంటికంటే ముందు వాటి అరుపే చెవిన పడుతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. ఇద్దరు ముగ్గురికి మించి వద్దు. బాతుల గుంపు ఎగిరే ఫోటో కోసం చప్పట్లు కొట్టకండి, వాటికి మేత సమయం పోతుంది. గూడు కనిపిస్తే ఆ చోటు ఎవరికీ పంపకండి. ఎక్కడైనా వలలు కట్టి ఉంటే వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోక, అటవీశాఖకు తెలియజేయండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అభయారణ్యంలో పిట్టల వేట నేరం.