ధర్మపురిలో వివాహ నమోదు

ధర్మపురి తెలంగాణలో గోదావరి తీరమున ఉన్న పట్టణము, ప్రసిద్ధ లక్ష్మీనరసింహ క్షేత్రము. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ప్రస్తుతము జగిత్యాల జిల్లాలో ఉన్నది.

చరిత్ర

ఇంగ్లాండులో 1538 నుండి గ్రామ చర్చిల పుస్తకాలలో పెళ్ళిళ్ళు వ్రాసి ఉంచేవారు. ఈ ప్రాంతపు హిందూ వివాహాలకు మాత్రము శుభలేఖ, పురోహితుడు, బంధువులే సాక్ష్యము. 1955 నాటి హిందూ వివాహ చట్టము నమోదుకు వీలు కల్పించినది. 2002లో ఆంధ్ర ప్రదేశ్ చట్టము దానిని తప్పనిసరి చేసినది. 2006లో సుప్రీం కోర్టు అన్ని మతాల వివాహాలనూ నమోదు చేయాలని రాష్ట్రాలను ఆదేశించినది.

ప్రాముఖ్యత

హిందూ వివాహ చట్టము ప్రకారము నమోదు కానంత మాత్రాన పెళ్ళి చెల్లకుండా పోదు. అయితే భర్త మరణించినపుడు పింఛను, ఆస్తి కోరే స్త్రీకి ఈ పత్రము బలమైన ఆధారము. గల్ఫ్ దేశాలకు వలసలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతములో దీని అవసరము మరింత ఎక్కువ. బాల్య వివాహాలను, రెండవ పెళ్ళిళ్ళను అరికట్టుటకు కూడా ఇది తోడ్పడును.