రన్: ఒక ఇంగ్లీషు క్రియ చరిత్ర

రన్ ఇంగ్లీషులోని అతి పాత క్రియల్లో ఒకటి. రాతలో మూడే అక్షరాలు. 'పరుగెత్తు' అనే అర్థంతో మన పిల్లలు ఒకటో తరగతిలోనే నేర్చుకుంటారు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 2011లో ఈ మాటను సవరించి ప్రకటించినప్పుడు, క్రియగానే దీనికి 645 అర్థాలు తేలాయి. నామవాచకంగా ఉన్న అర్థాలు వేరే. ఇంత చిన్న మాటకు ఇన్ని అర్థాలు ఎలా పోగయ్యాయన్నది ఇంగ్లీషు భాషా చరిత్రలో ఆసక్తికరమైన అధ్యాయం. తెలుగువారికి అందులో మరో ఆసక్తి కూడా ఉంది. ఇంగ్లీషు పరుగెత్తించే చాలా వాటిని తెలుగు నడిపిస్తుంది.

పుట్టుక

ప్రాచీన ఇంగ్లీషులో ఇది ఒక మాట కాదు, రెండు. మొదటిది రిన్నన్. వర్ణవ్యత్యయం వల్ల ఇది ఇర్నన్ అని కూడా వినిపించేది, నిజానికి ఆ రూపమే ఎక్కువగా కనిపిస్తుంది. తెలుగులో ఉరలు రోలైనట్టు అక్కడ కూడా ధ్వనులు చోటు మార్చుకున్నాయి. తనంతట తాను పరుగెత్తడం, పారడం దీని అర్థం. రెండో క్రియ ఎర్నన్. దానికి అర్థం పరుగెత్తించడం, గుర్రాన్ని దౌడు తీయించడం. మన వ్యాకరణంలో చెప్పాలంటే మొదటిది అకర్మకం, రెండోది ప్రేరణార్థకం.

ఇంగ్లండులో స్థిరపడిన వైకింగుల భాషలోనూ ఇలాంటి జంటే ఉంది: రిన్నా, రెన్నా. ఇరుగుపొరుగుగా బతికిన రెండు జాతుల నోళ్లలో నాలుగు రూపాలూ కలగలిసి, మధ్యయుగాల ఇంగ్లీషుకు వచ్చేసరికి ఒకే క్రియగా మిగిలాయి. నేటి రూపంలోని అచ్చు భూతకాల విశేషణం నుంచి వచ్చింది. పదహారో శతాబ్దానికి అదే వర్తమాన రూపంగా నిలబడింది.

ఈ కలయికను చిన్న సంగతిగా తీసిపారేయడానికి లేదు. 645 అర్థాలకు బీజం ఇక్కడే పడిందని నా నమ్మకం. గుర్రం పరుగెత్తినా, రౌతు గుర్రాన్ని పరుగెత్తించినా ఒకే మాట చాలినప్పుడు, ఆ మాటకు కర్మగా ఏ వస్తువునైనా పెట్టవచ్చు. యంత్రం, దుకాణం, రాజ్యం, వార్త, దేన్నైనా. ఇంగ్లీషుకు ఆ తలుపు అప్పుడే తెరుచుకుంది.

పారడం, పరుగెత్తడం ఒకే మాటలో ఉండడం మాత్రం ఇంగ్లీషుకే ప్రత్యేకం కాదు. జర్మన్ భాషలో ఇదే మూలం నుంచి వచ్చిన రిన్నెన్‌కు కారడం, పారడం అనే అర్థం, రెన్నెన్‌కు పరుగెత్తడం అనే అర్థం స్థిరపడ్డాయి. తెలుగులో ఏరు పారుతుంది, దొంగ పారిపోతాడు. పూర్వం శకటరేఫతో రాసిన 'పాఱు' అనే మాటకు ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. సంబంధం లేని రెండు భాషా కుటుంబాలు నీటినీ, పరుగునూ ఒకేలా చూశాయి.

నిఘంటుకారుల చేతుల్లో

ఈ మాట పెట్టే ఇబ్బందిని ముందుగా బహిరంగంగా చెప్పుకొన్న వారిలో శామ్యూల్ జాన్సన్ ఒకరు. 1755లో అచ్చయిన తన నిఘంటువు పీఠికలో, అర్థం పట్టుకు చిక్కని కొన్ని క్రియలు తన శ్రమను ఎంతగానో పెంచాయని ఆయన రాశారు. గెట్, గివ్, పుట్, సెట్, మేక్, టేక్ వంటి వాటితోపాటు రన్ కూడా ఆ జాబితాలో ఉంది. కఠిన పదాలకు నిర్వచనం రాయడం కంటే రోజూ నోట్లో నలిగే మాటలకు రాయడమే కష్టమన్న సత్యం అక్కడ పీఠికకెక్కింది.

లండన్ ఫిలలాజికల్ సొసైటీ 1857లో తలపెట్టిన మహా నిఘంటువే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ. అది 1884లో తొలి భాగంతో మొదలై 1928లో పూర్తయింది. ప్రధాన సంపాదకుడిగా అందరికీ తెలిసిన పేరు జేమ్స్ మర్రే అయినా, రన్ ఉన్న అక్షరం విలియం క్రేగీ వంతుకు, సెట్ ఉన్న భాగం హెన్రీ బ్రాడ్లీ వంతుకు వచ్చాయి. 1989 నాటి ఇరవై సంపుటాల రెండో ముద్రణలో అన్నిటికన్నా పొడవైన పదవివరణ సెట్‌దే: సుమారు 430 అర్థాలు, 60 వేల మాటలు. 2000లో సవరణలు వెలువడడం మొదలయ్యాక ఆ స్థానం మొదట మేక్‌కు, తర్వాత పుట్‌కు, 2011లో రన్‌కు దక్కింది. రన్‌ను సవరించిన పీటర్ గిలివర్‌కు ఈ ఒక్క క్రియ మీదే సుమారు తొమ్మిది నెలలు పట్టింది.

అయితే 645 అన్న లెక్కను శిలాశాసనంగా తీసుకోకూడదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన వర్డ్‌నెట్ అనే పదకోశం ఇదే క్రియకు 41 అర్థాలే చూపుతుంది. ఆక్స్‌ఫర్డ్ వారు వెయ్యేళ్లకు పైబడిన ప్రయోగాలను, వాడుక తప్పిన వాటిని కూడా కలిపి, సన్నని తేడాలను సైతం విడదీస్తారు. వర్డ్‌నెట్ నేటి భాషకే పరిమితం. అర్థాలను ఎక్కడ విడదీయాలో నిర్ణయించేది నిఘంటుకారుడే.

తరచుగా వాడే మాటకు అర్థాలు ఎక్కువగా ఉంటాయన్న సంబంధాన్ని భాషాశాస్త్రవేత్త జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ 1945లో ఒక సూత్రంగా ప్రతిపాదించారు. తెలుగులో దీనికి సాక్ష్యం వెతకనక్కర్లేదు. ఈల కొట్టు, బోరు కొట్టు, వాసన కొట్టు, లాటరీ కొట్టు అన్నప్పుడు ఎవరికీ దెబ్బ తగలదు.

అర్థాలు పెరిగిన తీరు

పదిహేడో శతాబ్దం చివరికే, డిపాజిటుదారులు భయపడి ఒక్కసారిగా బ్యాంకు మీద పడడాన్ని రన్ అనడం మొదలైంది. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం బారులు తీరినప్పుడు పత్రికలు వాడిన మాట అదే.

క్రికెట్‌లో స్కోరు గుర్తుకోసం పూర్వం కర్ర మీద గాట్లు పెట్టేవారు, పరుగును కూడా గాటు అనే పిలిచేవారు. వికెట్ల మధ్య పరుగు తీయడం వల్ల రన్ అనే పేరు స్థిరపడింది. ఆ తర్వాత అది పరుగుతో బంధం తెంచుకుంది. బంతి బౌండరీ దాటితే ఎవరూ అడుగు కదపకపోయినా నాలుగు రన్‌లు. ఈ అర్థాన్ని తెలుగు యథాతథంగా అనువదించుకుని పరుగు చేసుకుంది. ఈ మాటకున్న అర్థాల్లో మనకు అక్షరాలా దిగినవి బహు తక్కువ, వాటిలో ముఖ్యమైనది ఇదే.

అసలైన విస్తరణ యంత్రయుగానిది. రైళ్లు, మిల్లులు, ఇంజన్లు వచ్చాక ఆగకుండా పనిచేసే ప్రతిదానికీ ఈ క్రియే పనికొచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో వ్యాపారం నిర్వహించడానికి కూడా ఇదే మాటయింది. ఎన్నికల్లో పోటీ చేయడం అన్న అర్థమూ అక్కడిదే. ఇంగ్లండులో అభ్యర్థి నిలబడతాడు, అమెరికాలో పరుగెత్తుతాడు. మన దగ్గరా సర్పంచిగా నిలబడ్డాడనే అంటాం. 1964 మే 1న అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ అనే కంప్యూటర్ భాషను మొదటిసారి పనిచేయించారు. అందులో ప్రోగ్రామును మొదలుపెట్టే ఆజ్ఞ రన్.

తెలుగుతో పోలిక

సి.పి. బ్రౌన్ 1850ల తొలినాళ్లలో మద్రాసులో అచ్చువేయించిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుకు, ఇంగ్లీషు నుడికారాలను తెలుగులో వివరించేదని పేరులోనే చేర్చారు. మాటకు మాట పెడితే సరిపోదని ఆయనకు తెలుసు. రన్ విషయంలో ఆ జాగ్రత్త ఎంత అవసరమో వాడుకే చెబుతుంది. గడియారం నడుస్తుంది, ముక్కు కారుతుంది, కాలువ పారుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, జ్వరం కాస్తుంది, ఈ రోడ్డు ఒంగోలు పోతుంది, స్నేహితుడు బజార్లో తగులుతాడు. ఇంట్లో బియ్యం అయిపోతే, మంగళకరంగా, నిండుకున్నాయంటాం. ఇంగ్లీషులో ఇన్ని చోట్లా రన్ ఉంటుంది. తెలుగు వాక్యాల్లో ఒక్కదానిలోనూ పరుగు లేదు.

ఇంగ్లీషు పోగొట్టుకున్న జంటలను తెలుగు భద్రంగా కాపాడుకుంది. నడుచు, నడుపు. తిరుగు, తిప్పు. కారు, కార్చు. పారు, పారించు. మిల్లు ఆడుతుంది, మనం పిండి ఆడిస్తాం. దానంతటది జరిగేదేదో, ఒకరు చేయించేదేదో క్రియ వినగానే తెలిసిపోతుంది.

రన్ తెలుగులోకి అరువు వచ్చినప్పుడు కూడా ఈ నియమానికి తలవంచింది. రన్నింగ్ బస్సు, ట్రయల్ రన్ వంటివి అలాగే వచ్చాయి కాని, క్రియగా వాడాలంటే తెలుగు సహాయం లేకుండా అది కదలదు. మోటారు రన్ అవుతోంది, హాస్టలు రన్ చేస్తున్నారు అంటాం. ప్రాచీన ఇంగ్లీషులో రిన్నన్, ఎర్నన్ పంచుకున్న పనులను ఇక్కడ 'అవు', 'చేయు' పంచుకున్నాయి.

ఇంగ్లీషు నుంచి అనువదించేవారు రన్ కనిపించగానే నిఘంటువు తెరవకుండా, అది అయ్యేదా, చేసేదా అని ముందు చూసుకోవాలి. ఆపైన నడిచేదో, పారేదో, ఆడేదో వాక్యమే చూపిస్తుంది.