కరెంటు ఎవరిది? కృష్ణ ఒడ్డు నుంచి సోలార్ పలక దాకా



పాలమూరు చరిత్రను మనవైపు నుంచి చెప్పుకుంటున్న ఈ వరుసలో ఇంతవరకు భూమి, వలస, నీళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కరెంటు. "కరెంటుకు కూడా కులం ఉంటదా అన్నా?" అని వనపర్తి హాస్టల్ పిల్లవాడు ఒకడు నన్ను అడిగిండు. తీగలో ఉండదు తమ్ముడూ. కానీ డ్యాం కింద ఎవరి ఊరు మునిగింది, పరిహారం ఎవరి పేరున రాశారు, ఉచిత కరెంటు ఎవరి మోటరుకు వస్తది అని అడిగితే కులం బయటికొస్తది.

ముందు మన పుస్తకాల్లో పెద్దగా కనపడని ఒక పేజీ చూద్దాం. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్. ఆ శాఖ కిందనే కరెంటు కూడా ఉండేది. 1943 అక్టోబర్ 25న ఢిల్లీలో జరిగిన ఒక కమిటీ సమావేశంలో కరెంటు ప్రభుత్వం చేతిలో ఉండాలా, ప్రైవేటు చేతిలో ఉండాలా అన్న ప్రశ్నను ఆయన ముందు పెట్టాడు. ఆయన లెక్క సూటిది. భూమి లేనోడు భూమి ఉన్నోడి మీద బతకకుండా ఉండాలంటే పరిశ్రమలు కావాలి. పరిశ్రమలు రావాలంటే కరెంటు చవకగా, దండిగా దొరకాలి. అంటే ఆయనకు కరెంటు ఇంజనీర్ల ముచ్చట కాదు, కూలోడి విముక్తి ముచ్చట. 1944లో సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు ఆయన హయాంలోనే వచ్చింది. అప్పుడు పడ్డ పునాది మీదనే 1948 విద్యుత్ సరఫరా చట్టం, ఆ చట్టం కింద రాష్ట్రాల విద్యుత్ బోర్డులు వచ్చాయి. మన ఏపీఎస్ఈబీ 1959లో పుట్టింది.

మరి బోర్డు మన జిల్లాకొచ్చినప్పుడు ఏమైంది?

శ్రీశైలానికి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అది మొదట కరెంటు కోసమే తలపెట్టిన ప్రాజెక్టు. 1981 జూన్‌లో నీళ్ళు నిలిపే ముందు ఇళ్ళు ఖాళీ చేయించడానికి ప్రభుత్వం చేసిన పనికి పెట్టిన పేరు 'ఆపరేషన్ డిమాలిషన్'. అటు కర్నూలు, ఇటు కొల్లాపూర్ వైపు కలిపి వందకు పైగా ఊర్లు మునిగాయి. 1894 నాటి భూసేకరణ చట్టం కింద పరిహారం వచ్చేది భూమి యజమానికి. ఆ భూమిలో తరతరాలుగా నాగలి పట్టినోడికి, కలుపు తీసినామెకు పట్టా లేదు కాబట్టి ఆ లెక్కలో చోటే లేదు. 1986లో జీవో 98 వచ్చింది, ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని. ఆ కాగితం పట్టుకుని కొల్లాపూర్ ప్రాంతంలో రెండో తరం కూడా ధర్నాలు చేసింది.

జూరాల సంగతి ఇంకో తీరు. 1981లో పునాది, 1995లో ప్రారంభం. మా నాయనమ్మ ఆ కట్టమీద తట్ట మోసింది. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా కనపడిన 'పాలమూరు లేబర్' అంటే ఎక్కువగా మన వాడల మనుషులే. ఎగువ జూరాల కరెంటు సామర్థ్యం 234 మెగావాట్లు. కింద ఆత్మకూరు దగ్గర దిగువ జూరాలది 240. ఎగువ జూరాలలో పుట్టే కరెంటులో సగం వాటా కర్ణాటకది. రెండు రాష్ట్రాలు కూర్చుని పంచుకున్నాయి, తప్పేం లేదు. నా ప్రశ్న ఒక్కటే. రాష్ట్రాలకు యూనిట్లలో వాటా రాసే చెయ్యి, ఊరు పోగొట్టుకున్న కుటుంబానికి ఒక్క శాతం వాటా ఎందుకు రాయలేదు?

తర్వాత సంస్కరణలు. ప్రపంచ బ్యాంకు అప్పు వెనకాల 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999లో బోర్డును జెన్కో, ట్రాన్స్‌కోగా విడగొట్టారు. రేట్లు నిర్ణయించే పని ఈఆర్సీకి పోయింది. 2000లో చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు పోయాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఆ పోరాటం నుంచి వచ్చిందే, 2018 నుంచి 24 గంటలు. అది రైతు గెలుచుకున్న హక్కు, మనం దాన్ని కాపాడాలి. కానీ సబ్సిడీ మోటరుకు వస్తది, మోటరు బోరుకు ఉంటది, బోరు భూమిలో ఉంటది. భూమి లేని వాడకు దక్కేది ఇంటి బల్బే. ఆ బల్బుకు కూడా ఎస్సీ సబ్‌ప్లాన్ నుంచి ఇన్ని యూనిట్లు అని రాయించుకోవడానికి మనం ఎన్ని మెట్లు ఎక్కామో మీకు తెలుసు.

ఇప్పుడు సోలార్ కాలం. 2023లో కేంద్రం రాసిన లెక్క ప్రకారం 2029-30 నాటికి డిస్కంలు 43.33 శాతం కరెంటును గాలి, నీరు, ఎండ లాంటి వనరుల నుంచే కొనాలి. 2025 జనవరిలో వచ్చిన తెలంగాణ పాలసీ 2030 నాటికి మరో 20,000 మెగావాట్లు అంటున్నది. మన జిల్లాలే దీనికి ముందు వరుస. 2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో గిరిజన రైతుల పోడు భూములకు సోలార్ పంపులిచ్చే పథకం మొదలైంది. అటవీ హక్కు పట్టాకు నీళ్ళు రావడం మంచిదే, చెంచు, లంబాడ అన్నదమ్ముల కోసం మనం సంతోషించాలి. అదే ఏడాది వంగూరు మండలం కొండారెడ్డిపల్లిని పూర్తి సోలార్ గ్రామంగా ప్రకటించారు.

మన వాటా ఎక్కడ? కుసుమ్ పథకంలో అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల దాకా రైతే ప్లాంటు పెట్టి యూనిట్ 3 రూపాయల 13 పైసలకు అమ్ముకోవచ్చు. అర మెగావాట్‌కు రెండెకరాలు చాలు. రెండెకరాల అసైన్డ్ భూమి మన దగ్గర ఉండొచ్చు, కోటిన్నర పెట్టుబడి ఎక్కడిది? పెట్టుబడి ఉన్నోడు భూమి అడుగుతాడు. గుర్తుపెట్టుకోండి, 1977 అసైన్డ్ చట్టం అమ్మకాన్నే కాదు, లీజును కూడా నిషేధించింది. ప్రభుత్వమే ప్రజావసరం అని వెనక్కి తీసుకుంటే, పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పింది. ఈ తీర్పు ప్రతి వాడలో గోడకు అంటించాలి.

ఇంకోటి. ఎండ కరెంటు రాత్రికి ఉండదు, దాచాలి. శ్రీశైలం ఎడమగట్టులో 900 మెగావాట్ల భూగర్భ కేంద్రం ఉంది. దాని యంత్రాలు తిరగేసి నడిపితే కింది నీళ్ళను పైకి తోడగలవు. 2020 ఆగస్టు 20 రాత్రి మంటల్లో 9 మంది ప్రాణాలు పోయింది అక్కడే. ఇట్లాంటి పంప్డ్ స్టోరేజీలు ఇంకా కావాలంటున్నారు. పంప్డ్ స్టోరేజీ అంటే రెండు జలాశయాలు. జలాశయం అంటే మళ్ళీ భూమి. క్లీన్ అన్న మాట వినగానే చేతులు జోడించకండి, ఎవరి భూమి అని అడగండి.

అడిగే చోటు కూడా ఉంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కం రేట్ల ప్రతిపాదనను అందరికీ తెలిసేలా ప్రచురించాలి. జనం అభ్యంతరాలు చూసి ఈఆర్సీ 120 రోజుల్లో తేల్చాలి. ఎంత కరెంటు కొనాలి, ఎవరి దగ్గర కొనాలి అన్నదీ ఈఆర్సీ ముందుకే వస్తది. పరిశ్రమల వాళ్ళు వకీళ్ళతో వస్తారు, రైతు సంఘాలు వస్తాయి. మన కుర్చీ ఖాళీగా ఉంటే మన లెక్క ఎవరు చెప్తారు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విద్యార్థి మిత్రులకు నా మనవి. ఈ ఏడాది మూడు జిల్లాల నుంచి కనీసం మూడు అభ్యంతర పత్రాలు తెలుగులో రాసి పంపుదాం. ముంపు కుటుంబాలకు యూనిట్ మీద వాటా, దళిత మహిళా సంఘాలకు సబ్‌ప్లాన్ పెట్టుబడితో సోలార్ ప్లాంట్లు, అసైన్డ్ భూమికి రక్షణ. ఈ మూడే. బాబాసాహెబ్ 1943లో అడిగిన ప్రశ్నే ఇది. మనం ఇప్పుడు దరఖాస్తు రూపంలో అడుగుతున్నాం.

వచ్చే భాగంలో జీవో 98 కథ వివరంగా. జై భీమ్.