బి.ఎన్.ఆర్. హోటల్, పూరీ
ఒడిశాలోని పూరీలో, చక్రతీర్థ రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న పాత రైల్వే హోటలు. వాల్తేరు దాకా రైళ్లు నడిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దీన్ని 1925లో తెరిచింది. పూరీకి రైలు 1897లోనే వచ్చింది. అయితే జగన్నాథుని దర్శనానికి వెళ్లే సామాన్యులు సత్రాల్లోనే దిగేవారు. ఈ హోటలు దొరలకూ, కలిగినవారికీ. పొడవాటి వరండాలు, వాటిలో పడకకుర్చీలు, సాయంత్రం ఉప్పుగాలి దీని అసలు సొగసు. ఘాటు తగ్గించి, బంగాళాదుంపలు వేసి వండే రైల్వే మటన్ కూర, కారమెల్ కస్టర్డ్ ఇక్కడి వంటశాలకు పేరు తెచ్చాయి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాక దాని చేతికి వచ్చింది. తరువాత నిర్వహణను ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చారు.