ఉత్తరాంధ్ర ప్రభుత్వ ఆసుపత్రులలో రోగి సహాయం: ‘ఘోషా’ నుండి ‘ఆరోగ్యమిత్ర’ వరకు

ఉపోద్ఘాతం

ప్రభుత్వ ఆసుపత్రుల చరిత్రను భవనాలు, పడకలు, వైద్యుల సంఖ్య ఆధారంగా చెప్పడం పరిపాటి. అయితే వైద్యం ఉచితమైనంత మాత్రాన అది రోగికి అందినట్లు కాదు. ఏ విభాగానికి వెళ్ళాలో, ఏ కార్డు చూపాలో, ఎవరిని అడగాలో తెలియని రోగి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. ఆ సమాచారాన్ని అందించే బాధ్యత ఎవరిదనే ప్రశ్నను శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల అనుభవం నుండి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పేరే ప్రకటన

విజయనగరంలోని ప్రభుత్వ స్త్రీల ఆసుపత్రి ‘ఘోషా ఆసుపత్రి’గా ప్రసిద్ధం. ‘గోషా’ పారసీక పదం. మూల, ఏకాంతం అని దాని అర్థం. క్రమంగా అది పరదా ఆచారానికి పేరైంది. తెలుగులో ‘ఘోష’ అంటే పెద్ద ధ్వని. ఒత్తు చేరడంతో ఏకాంతాన్ని సూచించే మాటకు విరుద్ధార్థ స్ఫురణ కలిగింది. పరపురుషుల ఎదుటికి రాలేని స్త్రీలకు ఆ పేరే ఒక హామీ. అక్షరం రానివారికి సైతం చేరగల సమాచారమది.

తోడు వచ్చినవారి నుండి ‘మిత్ర’ వరకు

పెద్ద జబ్బు చేస్తే ఈ ప్రాంతీయులకు దిక్కు 1923లో ఏర్పడిన విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి. ఇచ్ఛాపురం నుండి అది 200 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడ దారి చూపేవారు వెంట వచ్చిన చదువుకున్న బంధువో, ఊరి పెద్దో. అటువంటి తోడు లేనివారికి వైద్యం మరింత దూరమయ్యేది.

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలతో పాటు శ్రీకాకుళంలో మొదలైంది. ఈ పథకంలో రోగికి తోడు నిలవడం ఒక ఉద్యోగమైంది. కార్డును సరిచూడడం, పేరు నమోదు చేయడం, వైద్యుని వద్దకు పంపడం, చికిత్సకు అనుమతి వచ్చేవరకు వెంట ఉండడం ఆరోగ్యమిత్ర విధులు. పథకం పేరు 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవగా మారినప్పుడు ఈ ఉద్యోగి ‘వైద్యమిత్ర’ అయ్యాడు. ప్రభుత్వాలతో పాటు ముందరి పదం మారినా, ‘మిత్ర’ శబ్దం నిలిచింది. అధికారి అనో, గుమస్తా అనో కాక మిత్రుడనడంలో పాత తోడు స్మృతి ఉంది.

పరిమితులు

ఈ మైత్రి పథకానికి కట్టుబడినది. జాబితాలో లేని జబ్బుకు, కార్డు లేని మనిషికి అది వర్తించదు. ఉద్దానం మూత్రపిండాల వ్యాధిగ్రస్తులకు ఒక్క అనుమతితో పని తీరదు. డయాలసిస్ వారం వారం జరగాలి. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమై దూరాన్ని తగ్గించాయి. అయినా దీర్ఘవ్యాధికి దీర్ఘకాలపు తోడు కావాలి.

భాష మరొక హద్దు. సీతంపేట కొండలలో సవర, ఇచ్ఛాపురం వైపు ఒడియా వినిపిస్తాయి. తన నొప్పిని తన మాటలో చెప్పలేని రోగికి తెలుగు బోర్డు తోడు కాదు. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి కృషి చేసినది ఈ నేలకు చెంతనే. బడికి ఆయన కోరిన న్యాయమే ఆసుపత్రికీ వర్తిస్తుంది.

ముగింపు

‘ఘోషా’ అనే పేరు రోగి ఆచారాన్ని గుర్తించింది. ‘ఆరోగ్యమిత్ర’ ఆమె హక్కును గుర్తించింది. ఆమె భాషను గుర్తించడం మిగిలి ఉన్న పని. సమాచారం చికిత్సకు అనుబంధం కాదు, దాని మొదటి మెట్టు.